ఇంటికి పంపాక షుగర్ కొలిచేదెవరు?

(విజయవాడలో జరిగిన మహిళల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'స్త్రీలు - మధుమేహం'. ఇది చాలా పెద్ద అంశం. ఏం తినాలి, ఏం తినకూడదు అని చెప్పేవాళ్ళు మీకు చాలామంది వున్నారు. బస్సులో పక్కన కూర్చున్నావిడ కూడా చెబుతుంది. అందుకని నేను దాని జోలికి పోను. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించిన రోజు మొదలు ఒక నెల, నెలన్నర గురించి మాత్రమే మాట్లాడతాను. ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. వార్డు లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు. గేటు దాటాక ఏం జరుగుతుందో రిటైరయ్యాక మీతో కలిసి ఊళ్ళు తిరిగినప్పుడు చూశాను.

వార్డులో ఇన్సులిన్ మీద వున్న మనిషికి రోజుకి నాలుగుసార్లు వేలు గుచ్చి షుగర్ చూస్తాం. పొద్దున పరగడుపున ఒకసారి, రెండు పూటలా భోజనానికి ముందు, మళ్ళీ పడుకోబోయేముందు. వచ్చిన అంకెను బట్టి మోతాదు పెంచడమో తగ్గించడమో చేస్తారు. డిశ్చార్జి అయిన సాయంత్రం నుంచి ఆ నాలుగు కొలతలూ ఆగిపోతాయి. ఇన్సులిన్ మాత్రం ఆగదు. రెండు వారాల తర్వాతో నెల తర్వాతో మళ్ళీ రమ్మంటారు. అంతవరకూ కొలత లేకుండానే మందు నడుస్తుంది.

ఇందులో ప్రమాదమేమిటో కొంచెం వివరంగా చెప్పాలి. కాలి పుండు, నిమ్ము, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఇలాంటివి వచ్చినప్పుడు ఒంట్లో షుగర్ పెరుగుతుంది. జబ్బుని తట్టుకోవడానికి శరీరం విడుదల చేసే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. స్టెరాయిడ్ మందులు వాడితే మరీ పెరుగుతుంది. కాబట్టి వార్డులో మోతాదు పెంచుతారు, పెంచక తప్పదు. మనిషి తేరుకుని ఇంటికి వచ్చాక ఇన్ఫెక్షన్ తగ్గుతుంది, స్టెరాయిడ్ ఆగిపోతుంది. ఒంటికి కావలసిన ఇన్సులిన్ కూడా తగ్గిపోతుంది. కాగితం మీద మాత్రం వార్డులో రాసిన మోతాదే వుంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో ఇన్సులినూ, కొన్ని రకాల షుగర్ మాత్రలూ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి కాబట్టి వాళ్ళకి ప్రమాదం ఇంకా ఎక్కువ. షుగర్ పెరిగితే వచ్చే నష్టాలు ఎక్కువగా ఏళ్ళ మీద కనిపిస్తాయి. పడిపోతే గంటలో మనిషి స్పృహ తప్పుతుంది.

పామర్రు వైపు ఒక ఊళ్ళో ఒకావిడ, యాభై దాటినావిడ, కాలికి పుండు పడి పన్నెండు రోజులు ఆసుపత్రిలో వుండి వచ్చింది. పొద్దున 30 యూనిట్లు, రాత్రి 20 యూనిట్లు రాసిచ్చారు. కొడుకు శ్రద్ధగా రెండు పూటలా సూది వేశాడు. పుండు మానింది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున పిలిస్తే పలకలేదు. చీర చెమటతో తడిసి ముద్దయింది, మాట ముద్దగా వస్తోంది, ఒక చెయ్యి లేవటం లేదు. ఊళ్ళో అందరూ పక్షవాతం అన్నారు. 108లో వచ్చిన కుర్రాడు ముందు వేలు గుచ్చి చూశాడు. 38 వుంది. నరానికి గ్లూకోజ్ ఎక్కించగానే కళ్ళు తెరిచి, 'గేదెకి గడ్డి వేశారా' అని అడిగిందట. షుగర్ పడిపోతే అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చని ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో షుగర్ కొలిచే మిషను లేదు.

ఇక్కడ ఆడవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. మాత్ర, సూది, తిండి మూడూ ఒక లెక్క ప్రకారం వుండాలి. సూది వేసుకున్న అరగంటలోపు తినాలని రాస్తారు. మన ఇళ్ళల్లో ఏ ఆడమనిషి తనకి వండుకున్నది వేళకి తింటుంది? పొద్దున్నే మాత్ర వేసుకుంటుంది, అందరికీ పెడుతుంది, పిల్లల్ని బడికి పంపుతుంది, పదకొండింటికి ఏదో ఎంగిలి పడుతుంది. నాట్లకి వెళ్ళేవాళ్ళయితే చద్దన్నం డబ్బా గట్టు మీద పెట్టి, ఆ మడి అయ్యాకే తింటారు. కార్తీక సోమవారం ఉపవాసం వుంటారు, సూది మాత్రం మానరు, డాక్టరుగారు మానొద్దన్నారు కదా అని. ఒళ్ళు వణికితే నీరసం అంటారు. చెమటలు పడితే ముట్లుడిగే వయసులో వచ్చే ఆవిర్లు అంటారు. తలతిరిగి అర్థం లేకుండా మాట్లాడితే గాలి సోకిందని తాయెత్తు కట్టినవాళ్ళనీ చూశాను. వేలు గుచ్చి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది. 70 కంటే తగ్గితే షుగర్ పడినట్టు, 54 కంటే తగ్గితే ప్రమాదంలో పడినట్టు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి, పావుగంట ఆగి మళ్ళీ కొలవాలి, పెరిగాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చెయ్యాలి.

ఈ ముక్కలు డిశ్చార్జి కాగితంలో ఎందుకు వుండవు? వున్నా ఇంగ్లీషులో వుంటాయి. నేను చూసిన కాగితాల్లో స్కానింగుల గురించి పేజీన్నర, మందుల గురించి అరపేజీ, ఇంటి దగ్గర షుగర్ చూసుకోవడం గురించి ఒక్క వాక్యం, అది కూడా 'షుగర్ చూసుకుంటూ వుండండి' అని ఇంగ్లీషులో. ఎప్పుడు చూసుకోవాలి, ఎంత వుంటే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. రోగికి తన జబ్బు గురించి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు వుందని అందులో వుంది. తన రికార్డులు పొందే హక్కు, ఆరోగ్య విద్య పొందే హక్కు కూడా వున్నాయి. పాటించమని కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు రాసింది కూడా. కృష్ణా జిల్లా రైతుకూలీ స్త్రీకి అర్థమయ్యే భాష ఏదో ఆసుపత్రులకు తెలియదనుకోను.

సిరంజిల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. మన దగ్గర సీసాలో వచ్చే ఇన్సులిన్ మామూలుగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు. దాని సిరంజికి ఎర్ర మూత వుంటుంది. 100 యూనిట్ల ఇన్సులిన్ కూడా వస్తుంది, దాని సిరంజికి నారింజ రంగు మూత. 40 సీసాలో మందుని నారింజ మూత సిరంజితో 30 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్ళేది 12 యూనిట్లే. అటూ ఇటూ మారి, 100 మందుని ఎర్ర మూత సిరంజితో తీస్తే 30కి బదులు 75 వెళుతుంది. మందుల షాపులో కుర్రాడు ఏది చేతికొస్తే అది ఇస్తాడు. ఇంట్లో కొలిచే అలవాటు వుంటే ఇలాంటి పొరపాటు ఒకటి రెండు రోజుల్లో బయటపడుతుంది.

కొలవడమంటే డబ్బు. మా చిన్నప్పుడు ఇంట్లో షుగర్ చూడాలంటే బెనెడిక్ట్ ద్రావకం వుండేది. నీలం రంగు నీళ్ళలో మూత్రం చుక్కలు వేసి కాచేవాళ్ళు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక రంగు దాకా తిరిగేది. చవకే గాని షుగర్ పడిపోతే దానికి తెలియదు. ఇప్పటి మిషను ఖర్చు ఒకసారి పెడితే పోతుంది. అసలు ఖర్చు స్ట్రిప్పులది. ఒక్కోటి ఇంచుమించు 15 నుంచి 25 రూపాయలు. రోజుకి నాలుగంటే 60 నుంచి 100. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 300 రూపాయలు. అందులో మూడోవంతు వేలు గుచ్చుకోవడానికి పెట్టమని ఎవరికి చెప్పగలం? 2025 సెప్టెంబరులో మిషన్ల మీద, స్ట్రిప్పుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే. 20 రూపాయల స్ట్రిప్ మీద రూపాయి పైచిలుకు తగ్గితే కూలికి వెళ్ళే మనిషికి ఒరిగేది తక్కువ.

ఇంట్లో మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ షుగర్ వుంటే డబ్బాలో వున్న స్ట్రిప్పులు ఎవరికి వాడతారో నేను చెప్పనక్కర్లేదు. 'నాకేం, నాకు తెలిసిపోతుంది' అంటుంది ఆవిడ. ఏళ్ళ తరబడి షుగర్ వున్నవాళ్ళకి, తరచూ పడిపోయేవాళ్ళకి ముందుగా వచ్చే దడ, వణుకు రావడం తగ్గిపోతుంది. తెలిసిపోతుందన్నవాళ్ళకే తెలియకుండా పోతుంది. మొగుడు ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు మాత్రం వేళకి సూది, వేళకి తిండి, రాసిపెట్టిన అంకెలు, నర్సు చేసే పనంతా ఆవిడే చేస్తుంది.

ఇంకో సంగతి డాక్టర్లు కూడా చాలామంది చెప్పరు. మన రాష్ట్రంలో పిల్లల్ని కనే వయసు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో వున్నారని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి. రక్తం బాగా తక్కువగా వుంటే వేలు గుచ్చి చూసే మిషను వున్న షుగర్ కంటే ఎక్కువ చూపిస్తుంది. అంటే నిజంగా పడిపోయినా మిషను బాగానే వుందనవచ్చు. ఇనుము లోపం వుంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా ఎక్కువ చూపించవచ్చు. అందుకని హిమోగ్లోబిన్ ఎంతుందో చూసి చెప్పమని అడగండి. చేతులు సబ్బుతో కడుక్కుని చూసుకోండి. నూజివీడు రసాలు తిన్న చేత్తో గుచ్చుకుంటే 300 చూపిస్తుంది, ఆ కంగారులో ఎక్కువ సూది వేసుకుంటే అదొక ప్రమాదం.

1993లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. డీసీసీటీ అంటారు. చిన్నవయసులో వచ్చే రకం షుగర్ వున్న 1,441 మంది మీద చేశారు. రోజుకి నాలుగుసార్లయినా కొలుచుకుని దాన్ని బట్టి ఇన్సులిన్ సర్దుకున్నవాళ్ళలో కంటి జబ్బు రావడం 76 శాతం తగ్గింది. ఆ అంకె అందరూ చెబుతారు. వాళ్ళలో షుగర్ పడిపోవడం మూడు రెట్లయిందన్నది అంతగా చెప్పరు. అంత గట్టిగా మందు వాడినా వాళ్ళు నిలబడ్డారంటే, నెలనెలా ఆసుపత్రిలో చూసేవాళ్ళు వున్నారు, మధ్యలో తరచూ ఫోన్ చేసి అంకెలు అడిగి మోతాదు మార్చేవాళ్ళు వున్నారు. మిషను ఒక్కటే చేసిన పని కాదిది. అంకె చెబితే వినే మనిషి అవతల వుండాలి. మనవాళ్ళు కష్టపడి డబ్బా కొని, నోటుపుస్తకంలో అంకెలు రాసుకుని, ఎవరికి చూపించాలో తెలియక ఆ పుస్తకం దేవుడి పటం వెనక పెట్టేస్తున్నారు.

చేతికి అతికించే సెన్సర్లు వచ్చాయి కదా అని మొన్నొక అమ్మాయి అడిగింది. వచ్చాయి, బాగా పనిచేస్తాయి. సుమారు రెండు వారాలపాటు వేలు గుచ్చుకోకుండా రాత్రీపగలూ చూపిస్తాయి. కొనాలంటే వేలల్లో ఖర్చు. ఎక్కువగా స్మార్ట్ ఫోన్ కావాలి. ఇంట్లో వున్న ఒక్క ఫోనూ ఎవరి జేబులో వుంటుంది? ముందు మామూలు స్ట్రిప్పులు అందరికీ రానివ్వండి.

కొలత లేకపోతే ఏమవుతుందో మనం మూకుమ్మడిగా 2021లో చూశాం. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిని 2020లోనే రాష్ట్రస్థాయి కోవిడ్ ఆసుపత్రిగా చేశారు. ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి డెక్సామెథసోన్ ప్రాణం నిలుపుతుందని 2020 జూన్‌లో తేలింది. అవసరం లేనివాళ్ళకి దానివల్ల ప్రయోజనం లేదనీ అప్పుడే తేలింది. రెండో వేవ్ వచ్చేసరికి ఊళ్ళల్లో జ్వరం వచ్చిన ప్రతివాళ్ళూ స్టెరాయిడ్ మాత్రలు మింగారు. షుగర్ చూసినవాళ్ళు కొద్దిమంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక 400, 500 వున్నా తెలియదు. ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చింది. 2021 జూలై నాటికి దేశంలో 45 వేలమందికి పైగా దాని బారిన పడ్డారని పార్లమెంటులో చెప్పారు. కళ్ళు తీసేసినవాళ్ళున్నారు, పైదవడ తీసేసినవాళ్ళున్నారు. మన రాష్ట్రంలో దాని వైద్యాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు. చేర్చడం సరైన పనే. కన్ను తీయడానికి ప్రభుత్వం డబ్బు కట్టింది, కన్ను పోకుండా ఇంటి దగ్గర షుగర్ కొలవడానికి కట్టలేదు. 2007లో మొదలైనప్పటి నుంచి పేర్లు ఎన్నిసార్లు మారినా ఆ పథకం స్వభావం ప్రధానంగా అదే. ఆసుపత్రి మంచం మీద జరిగే దానికి లెక్క వుంటుంది, ఇంటి మంచం మీద జరిగే దానికి వుండదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్ నగర్ మీద పడినప్పుడు కూడా ఇదే చూశాం. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. మేడల మీద మూడేసి రోజులు చిక్కుకుపోయారు. కరెంటు లేదు, ఫ్రిజ్జులో ఇన్సులిన్ ఏమైందో తెలియదు. పడవలో వచ్చే పొట్లం ఎప్పుడొస్తుందో తెలియకుండా సూది వెయ్యాలా వద్దా అని ఒకావిడ పైనుంచి కేకవేసి అడిగింది. స్ట్రిప్ వుంటే పడవలోవాళ్ళయినా జవాబు చెప్పగలిగేవాళ్ళు. (వాడుతున్న సీసా ఫ్రిజ్ లేకపోయినా నీడపట్టున, తడిపిన మట్టికుండలో పెట్టుకుంటే నాలుగు వారాల వరకూ పనిచేస్తుంది. మే నెల ఎండలకి ఇది గుర్తుపెట్టుకోండి. సీసాలోకి నీళ్ళు తగలకూడదు.)

ఇప్పుడు కాన్పుల సంగతి. గర్భంతో వున్నప్పుడు వచ్చిన షుగర్ ప్రసవం కాగానే చాలామందికి తగ్గిపోతుంది. అక్కడితో అందరూ మర్చిపోతారు. నిజానికి వీళ్ళకే తర్వాత శాశ్వతంగా షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎన్నోరెట్లు ఎక్కువ. 2018 కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారమే ప్రసవమైన ఆరు వారాలకి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి మళ్ళీ పరీక్ష చెయ్యాలి. ఎంతమందికి చేశారో మీలో తల్లులైనవాళ్ళు చెప్పండి. చెయ్యకపోవడానికి మన ఆచారం కూడా ఒక కారణం. తొలికాన్పు పుట్టింట్లో. పరీక్షలన్నీ అత్తగారి ఊరి ఏఎన్ఎం రాసింది. ప్రసవం పుట్టింటి వైపు ఆసుపత్రిలో. ఆరు వారాలకి పిల్ల ఇంకా పుట్టింట్లోనే వుంటుంది, బెల్లం, నెయ్యి వేసిన కాయం ముద్దలు తింటూ. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తింటికి పంపుతారు. గుడివాడ ఏఎన్ఎం అవనిగడ్డలో చూస్తారనుకుంటుంది, అవనిగడ్డలో ఆవిడకి అసలు ఈ పిల్లకి షుగర్ వచ్చిన సంగతే తెలియదు. దీనికి మార్గం కష్టమైనదేమీ కాదు. సరిగ్గా ఆరు వారాలకే బిడ్డకి టీకా వుంటుంది. ఏ ఊళ్ళో వున్నా బిడ్డనెత్తుకుని తల్లి అక్కడికి వస్తుంది. బిడ్డకి సూది వేసినచోటే తల్లికి గ్లూకోజ్ ఇచ్చి రెండు గంటలు కూర్చోబెట్టి చూడవచ్చు. తల్లీబిడ్డల కార్డు మీద పెద్ద అక్షరాలతో ఒక గడి వుంటే చాలు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని నేననను. ముప్పై దాటినవాళ్ళందరికీ ఊళ్ళల్లో షుగర్, బీపీ చూస్తున్నారు. 2023 ఏప్రిల్లో మొదలుపెట్టిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో డాక్టరు 104 బండితో ఊరికి నెలకి రెండుసార్లు రావాలని పెట్టారు. ఊరి ఆరోగ్య కేంద్రాల్లో నర్సింగ్ చదివిన పిల్లలు పనిచేస్తున్నారు. ఇంత ఏర్పాటూ షుగర్ వున్నవాళ్ళని కనిపెట్టడానికి వుంది. కనిపెట్టినవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళి తిరిగొచ్చాక వాళ్ళని పట్టుకోవడానికి లేదు. దేశంలో షుగర్ వున్నవాళ్ళు 10 కోట్ల 10 లక్షలని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క తేల్చింది. ఇంకెంతమందిని కనిపెడితే కొలవడం మొదలుపెడతారు?

ఖర్చు ఎంతో నేను లెక్క వేశాను. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టి ఇంటికి పంపిన మనిషికి మొదటి వారం రోజుకి నాలుగు, తర్వాత మూడు వారాలు రోజుకి రెండు. మొత్తం 70 స్ట్రిప్పులు. షాపు ధర 20 రూపాయల చొప్పున 1,400. ప్రభుత్వం టోకున కొంటే ఇంకా తక్కువే పడాలి. అరువుకి మిషను ఇచ్చి నెల తర్వాత వెనక్కి తీసుకోవచ్చు. మళ్ళీ స్పృహ తప్పి ఐసీయూలో చేరితే ఒక్కరోజు ఖర్చు ఎంతో మీకు తెలుసు. ఇంటి దగ్గర షుగర్ చూసుకునే సాధనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర పరీక్షల జాబితాలో చేర్చింది. మందు అత్యవసరమైనప్పుడు ఆ మందు ఎంత వెయ్యాలో చెప్పే కొలత విలాసం ఎలా అవుతుంది?

మూడో రోజున, వారం రోజున ఊరి కేంద్రం నుంచి ఒకరు ఫోన్ చేసి అంకెలు అడగాలి, అవసరమైతే డాక్టరుతో మాట్లాడించాలి. ఈ పని కూడా ఆశా కార్యకర్తల నెత్తిన పడేస్తారేమోనని నాకు భయం. వాళ్ళకి 2019 నుంచి నెలకి 10 వేలు ఇస్తున్నారు, దానికి గౌరవ వేతనమని పేరు. పని పెంచితే జీతం పెంచమనే డిమాండు కూడా మన వినతిపత్రంలో వుండాలి. ఆడవాళ్ళ ఆరోగ్యం కోసం వేరే ఆడవాళ్ళతో ఉచితంగా చాకిరీ చేయించమని మనం అడగలేం.

2022లో జిల్లా రెండయింది కాబట్టి వినతిపత్రం రెండుచోట్ల ఇవ్వాలి, విజయవాడలోనూ మచిలీపట్నంలోనూ. దానికి జత చెయ్యడానికి డిశ్చార్జి కాగితాలు కావాలి. మీ ఇళ్ళల్లో గత ఏడాదిలో షుగర్‌తో ఆసుపత్రిలో వుండి వచ్చినవాళ్ళ కాగితాలు జిరాక్స్ తీసి, పేరూ ఆసుపత్రి పేరూ కొట్టేసి ఇవ్వండి. ఒక్కో దానిలో తెలుగు మాటలు ఎన్ని వున్నాయో, ఇంటి దగ్గర కొలవడం గురించి ఎన్ని వాక్యాలున్నాయో లెక్కపెడదాం. కాగితం దొరక్కపోతే ఆసుపత్రిలో అడగండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నుంచీ వైద్యుల ప్రవర్తనా నియమాల్లోనే వుంది.

ప్రశ్నలు భోజనాల తర్వాత తీసుకుంటాను. ఒంటిగంట దాటింది. పొద్దున మాత్రో సూదో వేసుకున్నవాళ్ళు ముందు బంతిలో కూర్చోండి. వడ్డన వేరేవాళ్ళు చూసుకుంటారు.